నీళ్లు తగలని జాకెట్టు

యోక్, గసెట్, ప్లాకెట్, ఫేసింగ్, డార్టు, గేదర్సు. ఇరవై రెండేళ్ల వయసులో నేను ఈ మాటల్ని కంఠత వాక్యాల్లాగా వల్లించాను. ఆదివారం బడిలో పిల్లలు బైబిలు వాక్యాన్ని కళ్లు మూసుకుని, గుక్క తిప్పుకోకుండా అప్పజెబుతారు చూడండి, అచ్చంగా అలాగే. "యోక్ అనగా భుజములపై వచ్చు ముక్క. గసెట్ అనగా చంక క్రింద వేయు ముక్క." నోటుబుక్కులో ఇలాంటివి నలభై ఉండేవి. ఒక్కటి కూడా తప్పేదాన్ని కాదు. గుడ్డ మీద చూపించమంటే మాత్రం ఒక్కటీ చూపించలేను. మా అమ్మ పొయ్యి ముందు కూర్చుని వింటూ, "ఏందే ఆ శాపనార్థాలు? పిల్ల దడుసుకుంటది" అనేది.

అవి యుద్ధం రోజులు. నా పెనిమిటి కారంపూడిలో విషజ్వరం వచ్చి వారం తిరక్కుండా పోయాడు. అప్పటికి నాకు మూడేళ్ల కూతురు. అత్తగారింట్లో నాలుగు నెలలున్నాను. ఏ మూల చూసినా ఆయనే కనపడుతుంటే ఉండలేక, పిల్లనెత్తుకుని నరసరావుపేటలో మా అమ్మ దగ్గరికి వచ్చేశాను. మిషన్ బడి వెనక పేటలో మాది ఒంటి గది తాటాకిల్లు. మా అమ్మ మిరపకాయ కోతలప్పుడు మిరపచేలకు, వేరుశనగ పీకుళ్లప్పుడు ఆ చేలకు కూలికి పోయేది. తెచ్చేది ఒకరు, తినేది ముగ్గురం.

మా మామ చెడ్డవాడు కాదు. ఈ మాట ముందే చెప్పాలి, ఎందుకంటే ఆ రోజుల్లో నేనాయన్ను తిట్టని తిట్టు లేదు. క్రిస్మస్ వెళ్లాక ఒక రోజు కారంపూడి నుంచి వచ్చి, మా గుమ్మం ముందు మంచం మీద కూర్చుని, పిల్లను ఒళ్లో పెట్టుకుని, నా వంక చూడకుండానే చెప్పాడు.

"తొలకరి దాకా ఆగుతానమ్మాయ్. ఈలోపల నీకంటూ ఒక ఆధారం కుదిరిందా, పిల్ల నీ కాడే ఉండుద్ది. లేదంటే నేనొచ్చి తీసకపోతా. నా కొడుకు బిడ్డ ఇట్టా అరకడుపుతో ఉంటే నేను చూళ్లేను. మా ఇంట్లో గేదె ఉంది, జొన్నలున్నయ్. నువ్వు గూడా రమ్మంటే రావు."

ఆ మాట న్యాయంగానే ఉంది. న్యాయంగా ఉండబట్టే నాకు ఒళ్లు మండిపోయింది. అన్యాయమైతే నలుగురిలో పెట్టి దులిపేసేదాన్ని. నోరు నాకు తక్కువేం కాదు.

నాకు వచ్చిన పని ఒక్కటే, సూది పని. బజారులో ఒక కోమటిగారి గుడ్డల దుకాణం అరుగు మీద ఒక ముసలి సాయిబు కాలు మిషను వేసుకుని కుట్టేవాడు. పేటంతా ఆయన్ను దర్జీ తాత అనేది. ఆయన కుట్టిన చొక్కాలకు కాజాలు తియ్యడం, గుండీలు కుట్టడం, అంచులు మడిచి చేతికుట్టు వెయ్యడం నా పని. పొద్దున మూట తెచ్చుకుని సాయంత్రానికి ఇచ్చేదాన్ని. కాజా కుట్టడంలో నన్ను మించిన చెయ్యి నరసరావుపేటలో లేదని ఆయనే అనేవాడు. అది నిజమే, దాచుకోవడం ఎందుకు?

మిషన్ ఆడపిల్లల బడిలో కుట్టుపని నేర్పే ముసలావిడ ఆ వేసవితో పని మానేస్తున్నదని తెలిసింది. బడికి పెద్ద టీచరమ్మ మా చర్చిలోనే ముందు బల్ల మీద కూర్చునే మనిషి. ధైర్యం చేసి అడిగాను. ఆవిడ కళ్లజోడు సవరించుకుని, "సర్కారు వాళ్ల కుట్టుపని పరీక్ష ఒకటి ఉంది, లోయరు గ్రేడు. గుంటూరులో పెడతారు. అది ప్యాసైతే బడి తెరిచేనాటికి ఉద్యోగం నీకే ఇస్తాను. ప్యాసవకపోతే గుంటూరు నుంచే ఇంకెవరినో పిలిపించుకుంటాను. పరీక్షకు పేరు పంపవలసింది నేను. పంపదగ్గ మనిషివో కాదో చూడాలి కదా?" అంది. అని ఒక ఇంగ్లీషు పుస్తకంలోంచి ఆ నలభై మాటలూ తెలుగులో రాయించి ఇచ్చింది. ఆవిడకు ఇంగ్లీషు వచ్చు గాని సూదిలో దారం ఎక్కించడం రాదు. నాకు సూది వచ్చు గాని ఇంగ్లీషు రాదు. అలా ఇద్దరం కలిసి మొదలుపెట్టాం.

ఒకనాడు కాజాల మూట ఇవ్వడానికి వెళ్తూ దారి పొడుగునా వల్లించుకుంటున్నాను. దర్జీ తాత విన్నాడు.

"ఏందమ్మాయ్, జపమా?"

"పరీక్ష పాఠం, తాతా. యోక్ అనగా భుజములపై వచ్చు ముక్క."

ఆయన మిషను ఆపి, పక్కన వేలాడుతున్న ఒక పోలీసాయన చొక్కా తీసి నా ఒళ్లో పడేశాడు. "ఇందులో యాడుందో చూపీ."

నేను ఏ మాత్రం తడబడకుండా కాలరు పట్టుకుని చూపించాను. తాత నవ్వాడు. ఆ నవ్వుకు లోపల తానులు మడతపెడుతున్న కోమటిగారు కూడా బయటికొచ్చి ఏమిటని అడిగి, విని, ఆయనా నవ్వాడు. నాకు కోపం ముక్కు మీదకొచ్చింది. "ఇవి దొరల పుస్తకంలో మాటలు, అరుగు మీద మిషను తొక్కేవాళ్లకేం తెలుస్తయ్?" అనేసి మూట అక్కడే పెట్టి వచ్చేశాను. ఆడలేక మద్దెల ఓడన్న సామెత నా కోసమే పుట్టిందని ఇప్పుడు ఒప్పుకుంటాను. అప్పుడు మాత్రం, పనికి వెళ్లినా పదిహేను రోజులు ఆయనతో ముక్తసరిగానే మాట్లాడాను. ఆయన ఆ పదిహేను రోజులూ నాకు ఎప్పటిలాగే కాజాలు ఇచ్చాడు.

ఇంతలో పెద్ద టీచరమ్మ నన్ను పిలిచి ఒక గజం తెల్లగుడ్డ చేతిలో పెట్టింది. గుడ్డ అంటే ఆ రోజుల్లో ఏమనుకున్నారు? అంతా కంట్రోలు. కార్డు పట్టుకుని క్యూలో నిలబడితే ఏడాదికి ఇన్ని గజాలని ఇచ్చేవాళ్లు. చిరుగు పడ్డ పంచెకు అతుకు వేసి, ఆ అతుకుకు మళ్లీ అతుకు వేసి కట్టుకునేవాళ్లు. అలాంటి రోజుల్లో ఆవిడ తన వంతు గుడ్డ నాకిచ్చి, "నాకొక జాకెట్టు కుట్టు. బాగా కుదిరితే నీ పేరు పంపిస్తాను" అంది. దాంతోపాటు ఒక పాత జాకెట్టు కూడా ఇచ్చింది, ఆదికి.

ఆది అంటే ఒంటికి సరిపోయిన పాత రవిక. మా పల్నాట్లో ఆడవాళ్లెవరూ దర్జీకి కొలతలు ఇచ్చేవాళ్లు కాదు. పరాయి మగవాడు టేపు పట్టుకుని దగ్గరికి రావడమా? ఆదిని మూటగట్టి పంపిస్తే, దర్జీ దాన్ని కొత్త గుడ్డ మీద పరిచి దాని చుట్టూ కత్తిరించేవాడు. నేను చూసి నేర్చుకున్నదీ అదే. టేపు ఎప్పుడూ పట్టలేదు.

గుడ్డ చేతికొచ్చిన సాయంత్రమే బడిలో ఉన్న కుట్టు మిషను మీద పని మొదలుపెట్టాను. గుడ్డ తక్కువని లోపల అంచుకు ఒక్క వేలి వెడల్పే వదిలి, ఆది చుట్టూ గీత గీసి కత్తిరించాను. కత్తిరించే ముందు తడపలేదు. తడపాలని నాకు తెలియక కాదు అంటే అబద్ధం, తెలిసీ తడపలేదంటే అదీ అబద్ధం. దర్జీ తాత ఏ కొత్త గుడ్డ వచ్చినా తొట్టిలో ముంచి వెనక తాడు మీద ఆరేయడం రోజూ చూసేదాన్ని. బజారు దుమ్ము పోవడానికనుకున్నాను. మా పేటలో ఒక పట్టింపు ఉంది. కొత్త గుడ్డ మొదటిసారి చర్చికి కట్టుకునే వెళ్లాలి, అంతవరకు దానికి నీళ్లు తగలకూడదు. తడిపితే అది పాత గుడ్డ కిందే లెక్క. పాత గుడ్డతో దేవుడి ముందు నిలబడతామా? మా అమ్మమ్మ నాటి నుంచి ఉన్న మాట. పెద్ద టీచరమ్మ జాకెట్టు ఈస్టర్‌కు. దానికి నేను నీళ్లెలా తగలనిస్తాను?

ఈస్టర్ రోజున ఆవిడ ఆ జాకెట్టు తొడుక్కుని ముందు బల్ల మీద కూర్చుంది. వెనక నుంచి చూస్తుంటే భుజాల దగ్గర ఒక్క ముడత లేదు. ఆరాధన అయ్యాక ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు ఎవరు కుట్టారని అడిగారు. ఆవిడ నా వైపు చెయ్యి చూపించింది. ఆ పూట నేను నేల మీద నడవలేదు. ఇంటికొచ్చి పిల్లను ఎత్తుకుని గిరగిరా తిప్పి, "నిన్నెవరూ తీసకపోలేరే" అన్నాను. మా అమ్మ, "దాన్ని దించు, కళ్లు తిరుగుతయ్" అంది.

నా వైభోగం సరిగ్గా వారం రోజులు. జాకెట్టు చాకలికి పోయి, ఉడికి, గంజి పెట్టించుకుని, ఇస్త్రీ అయి తిరిగొచ్చింది. మరుసటి ఆదివారం ఆవిడ తొడుక్కోబోతే చంకలో పట్టేసి చెయ్యి పైకి లేవలేదు. ముందు వైపు హుక్కులు కలవడానికి మూడు వేళ్లు తక్కువ. ఆవిడ అక్కడికీ పాత జాకెట్టు వేసుకుని చర్చికొచ్చి, పాటలు పాడి, ప్రార్థన చేసి, అందరూ వెళ్లిపోయాక నన్ను పిలిచింది. జాకెట్టును, దాంతోపాటు నేను తిరిగి ఇచ్చిన పీలికల మూటను నా చేతిలో పెట్టింది. కంట్రోలు రోజుల్లో అది దర్జీల ధర్మం, కత్తిరించిన ప్రతి పీలికనూ గుడ్డ గలవాళ్లకు ఇచ్చెయ్యాలి.

"ఏడాదికి నాకు వచ్చే జాకెట్టు గుడ్డలో సగం ఇది," అంది ఆవిడ. గొంతు పెంచలేదు, పెంచినా బాగుండేది. "ఇంకో గజం అడగకుండా దీన్ని నేను తొడుక్కునేలా చెయ్యి. చెయ్యగలిగితే శనివారం లోపల తీసుకురా. ఆ రోజుతో పేర్లు పంపడానికి గడువు అయిపోతుంది. చెయ్యలేకపోతే నేను బడిపిల్లల గుడ్డలు నీ చేతిలో ఎలా పెట్టను?"

కొండనాలిక్కి మందేస్తే ఉన్న నాలిక ఊడిందంటారే, అలా అయింది నా పని. ఇంటికొచ్చి లోపల అంచులు విప్పి చూశాను. ఒక్క వేలి వెడల్పు. కుట్టు నిలవాలంటే అందులోంచి వదలగలిగేది రెండు దారాల మందం కూడా ఉండదు. పిల్ల వచ్చి నా వీపు మీద ఎక్కింది. కసిరాను. అది బిక్కమొహం పెట్టేసరికి దాన్ని పట్టుకుని బావురుమన్నాను. ఎందుకేడుస్తున్నానో దానికేం తెలుసు? ఈ జాకెట్టు పోతే పరీక్ష పోతుంది, పరీక్ష పోతే ఉద్యోగం, ఉద్యోగం పోతే ఈ వీపు మీద ఎక్కిన పిల్ల.

సోమవారం పొద్దున్నే దర్జీ తాత అరుగు దగ్గరికి వెళ్లి నిలబడ్డాను. ఆయనే మూట అందుకుని విప్పి, జాకెట్టును వెలుగుకు పెట్టి చూసి, గుడ్డను బొటనవేలితో రాచి, "నీళ్లు పట్టియ్యలేదు," అన్నాడు. నేను మా పేట పట్టింపు చెప్పాను. నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు.

"మంచి పట్టింపే. దేవుడి కాడికి కొత్తది కట్టుకుపోవాల, ఒప్పుకుంటా. కానీ గుడ్డకు మన పట్టింపులు తెలవ్వు గదమ్మా. మొదటి నీళ్లలో అది ఎంత దగ్గరకు రావాలో అంతా వచ్చుద్ది. కత్తెరకు ముందా, తర్వాతా, అంతే మన చేతుల్లో ఉండేది." పీలికలు నా ముందుకు తోసి అన్నాడు, "ముందు ఆ పీలికలు తొట్టిలో ముంచు. అవి గూడా నీళ్లు తగలని కోరావే."

పీలికలు ఆరేదాకా కాజాలు కుట్టమన్నాడు. కుట్టాను. ఎండకు అవి గలగలమని ఆరాక, నన్ను అరుగు మీద తన ఎదురుగా కూర్చోబెట్టి, జాకెట్టు పక్క కుట్లన్నీ నా చేతే ఊడదీయించాడు.

"చెయ్యి ఎత్తితే జాకెట్టు లాగేది యాడ?"

"చంకలో."

"చిరిగేది?"

"అక్కడే."

"అయితే ఆడ ఒక ముక్క ఎక్కువిద్దాం." పీలికల్లోంచి నలుచదరంగా ఒక ముక్క కత్తిరించి, దాన్ని మూలగా తిప్పి చంక కింద అమర్చి గుండుసూదులు గుచ్చాడు. "మేం దీన్ని బగలు ముక్కంటం. నీ జపంలో దీని పేరేంది?"

నలభై మాటల్లో అది ఉంది. నాలుగు నెలలుగా ఉంది. "గసెట్," అన్నాను. ఆ మాట అప్పటిదాకా నా నోట్లో ఉన్న గులకరాయి. అది ఆ క్షణంలో ఒక వస్తువైంది.

అలా ఒక్కొక్కటే వచ్చాయి. రొమ్ము కింద నేను కుట్టిన రెండు కోణాల మడతల్ని చూపించి, "ఇవి గుడ్డను మింగి కూర్చున్నయ్, సగం దాకా విప్పెయ్," అన్నాడు. డార్టంటే ఒంటి వంపు కోసం ఎక్కువైన గుడ్డను లోపలికి దాచడమని నాకు అర్థమైంది. ముందు వైపు హుక్కులు కలవడానికి రెండు పక్కలా పట్టీలు అతికించాడు. పుస్తకంలో ప్లాకెట్ అదే. మెడ చుట్టూ అంచు నలిగి పోగులూడుతుంటే, దానికి లోపలి వైపు ఏటవాలుగా కత్తిరించిన ముక్క వేయించాడు. అది ఫేసింగ్. "ఏటవాలుగా ఎందుకు, తాతా?" అని అడిగాను. ఒక పీలికను పోగు వెంబడి లాగి చూపించాడు, సాగలేదు. మూలగా లాగాడు, సాగింది. "మెడ గుండ్రంగా ఉండుద్ది. తిన్నగా ఉండే గుడ్డ గుండ్రంగా తిరగదు, మొండిమనిషి మాదిరి," అన్నాడు నా వైపు చూసి. నేను తల వంచుకుని సూదిలో దారం ఎక్కించుకున్నాను.

పని అయిపోయే వేళకు ఆయన కళ్లజోడు తీసి పంచెతో తుడుచుకుంటూ ఒక మాట అన్నాడు. "చూడమ్మాయ్, నీ నలభై పేర్లు నలభై కావు. గుడ్డ తక్కువైన కాడ ఏం చెయ్యాల, ఎక్కువైన కాడ ఏం చెయ్యాల. ఉన్నయి ఆ రెండే. ఎవుడో మనలాంటోడే తప్పు కత్తిరించి, దాన్ని సరి చేసుకోబోయి ఒక్కోటి కనిపెట్టి ఉంటాడు." అరుగు మీద మిషను తొక్కేవాళ్లకేం తెలుసని ఆయన్ను అన్న మాట గుర్తొచ్చి, "నన్ను క్షమించు తాతా," అన్నాను. "దేనికి?" అన్నాడు. నిజంగా మర్చిపోయాడో, మర్చిపోయినట్టు నటించాడో నాకిప్పటికీ తెలియదు. ఏదైనా అది ఆయన గొప్పతనమే.

శుక్రవారం జాకెట్టు ఇచ్చాను. పెద్ద టీచరమ్మ లోపలికెళ్లి తొడుక్కుని వచ్చి, నేరుగా గోడ మీది నల్లబల్ల దగ్గరికి నడిచి, చెయ్యి పైకెత్తి ఒక గీత గీసింది. ఇంకొంచెం పైకెత్తి ఇంకో గీత గీసింది. "ఇరవై ఏళ్లుగా బల్ల మీద రాసేటప్పుడల్లా నా జాకెట్లు చంకలో పట్టేస్తాయి. ఇది పట్టడం లేదు. ఏం చేశావు?" అంది. గసెట్ వేశానని చెప్పాను. ఆ పేరు నా చేత రాయించింది ఆవిడే, దాని సుఖం ఆవిడకూ అప్పుడే తెలిసింది. నా ముందే కాగితం తీసి పరీక్షకు పేరు రాసింది. ఆ మనసుకు నేను ఆ రోజు చేతులు జోడించాను, ఇప్పుడూ జోడిస్తున్నాను. చెడగొట్టినదానికి సరిదిద్దే అవకాశం ఎంతమంది ఇస్తారు?

పరీక్షలో ఆది ఇవ్వరని, కొలతలే ఇస్తారని తెలిసి మళ్లీ తాత దగ్గరికి పరిగెత్తాను. దర్జీ తాత తన మెడలో వేలాడే టేపు తీసి నా చేతిలో పెట్టాడు.

"ముప్పయ్యేళ్లుగా ఆడోళ్లకు కుడతన్నా. ఒక్కరినన్నా కొలిచి ఎరగను. పాత రవిక చూసి మనిషిని ఊహించుకోవడమే. నీకా అడ్డం లేదు. పో, పేటంతా కొలువు."

పేటంతా కొలిచాను. మా అమ్మను, పక్కింటి పిన్నిని, బావి దగ్గర దొరికిన ప్రతి అక్కనూ, వదిననూ. వాళ్లు గిలిగింతలతో మెలికలు తిరిగేవాళ్లు. "ఏమే, శవప్పెట్టెకా కొలతలు?" అని వెటకారాలాడేవాళ్లు. అయినా ఒక్కరూ కాదనలేదు. చేల నుంచి అలిసిపోయి వచ్చి కూడా చేతులు చాపి నిలబడేవాళ్లు, పిల్ల సంగతి అందరికీ తెలుసు కాబట్టి. మా అమ్మ భుజం నుంచి భుజానికి కొలిచినప్పుడు అది జానాబెత్తెడు కూడా లేదు. ఆ సన్నని భుజాల మీదే మేమిద్దరం బతుకుతున్నామని అప్పుడు తెలిసింది. కొలత రాసుకునే వంకతో మొహం తిప్పుకున్నాను.

గుంటూరుకు రైల్లో వెళ్లాను, మాచర్ల నుంచి వచ్చే బండిలో. పరీక్ష గదిలో ఒక్కొక్కరికి గుడ్డ, కాగితం మీద ఆరేళ్ల పిల్ల కొలతలు ఇచ్చి, గౌను కత్తిరించమన్నారు. నేను గుడ్డ అందుకోగానే లేచి, "అమ్మగారూ, ఒక చెంబు నీళ్లు ఇప్పిస్తారా?" అన్నాను. దాహానికనుకుని గ్లాసుతో తెచ్చారు. గుడ్డ తడపాలన్నాను. గదంతా నవ్వు. పరీక్ష పెట్టే అమ్మగారు మాత్రం నవ్వలేదు. "అది తడిపి ఆరేసిన గుడ్డే, కూర్చోమ్మా," అని తన పుస్తకంలో ఏదో రాసుకుంది. చివర ఆవిడ ఒక గౌను చూపించి అది ఏమిటి, ఇది ఏమిటని అడిగినప్పుడు నాకు కంఠత వాక్యం ఒక్కటీ గుర్తు రాలేదు. ఏ ముక్క అక్కడ ఎందుకుందో, అది లేకపోతే ఒంటికి ఏమి ఇబ్బందో చెప్పుకుంటూ పోయాను. పేర్లు వాటంతటవే వచ్చాయి.

ప్యాసయ్యానని బడికి ఉత్తరం వచ్చింది. మా అమ్మ ఆ మాట విని కొడవలి కింద పెట్టి, పిల్ల తల నిమిరి, మళ్లీ కొడవలి తీసుకుని కూలికి వెళ్లింది. దర్జీ తాత బజారులో అందరికీ చెప్పాడట. కోమటిగారు బెల్లం ముక్క పంపించాడు.

రెండు వానలు పడ్డాక మా మామ వచ్చాడు. చేతిలో ఒక మూట ఉంది. మంచం మీద కూర్చుని నీళ్లు తాగి, "ఏమైందమ్మాయ్?" అన్నాడు. ఉత్తరం తెచ్చాను. చదవమన్నాడు, చదివాను. బడి తెరిచిన రోజు నుంచే ఉద్యోగమని చెప్పాను. పిల్ల వెళ్లి ఆయన మోకాళ్ల మధ్య నిలబడి మూటను వేలితో పొడుస్తోంది. ఇచ్చిన మాట ఆయనది, మనవరాలూ ఆయనదే. నిలబెట్టుకోవడం ఆయనకు సులువు కాదని నాకు ఆ క్షణందాకా తట్టలేదు.

"మంచిదే," అన్నాడు చివరికి. మూట విప్పాడు. నీలం పువ్వుల చీటీ గుడ్డ, గజంన్నర ఉంటుంది. "గురజాలలో క్యూలో నిలబడి తెచ్చా. కొత్త గౌను తొడిగి తీసకపోదామనుకున్నా." గుడ్డను ఒకసారి అరచేత్తో సవరించి నాకు అందించాడు. "ఇంక నువ్వే కుట్టు."

నేను ఏడ్చేశాను. ఆయన చూడనట్టు కండువా దులిపి భుజాన వేసుకుని లేచాడు. గుమ్మం దాటి, చెప్పులు తొడుక్కుంటూ, ఎటో చూస్తూ అన్నాడు.

"పిల్ల ఎదుగుద్ది గదా. కింద రెండు మడతలు పెట్టి కుట్టు. ఏడాదికొకటి ఇప్పదీసుకోవచ్చు."

పుస్తకంలో ఆ మడతను టక్కు అంటారు. మా మామ ఏ పుస్తకమూ చదవలేదు. ఏడాదికొక మడత, రెండు మడతలంటే రెండేళ్లు. ఆ రెండేళ్లూ పిల్ల నా దగ్గరే ఎదుగుతుందని ఆయన నాకు చెప్పి వెళ్లాడు.

ఆ గౌనుకు నేను మూడు మడతలు పెట్టాను.